పెన్సిల్‌తో వేసిన ఒకటి

బిసెర్కాకి కంప్యూటర్ల మీద ఎన్నడూ విసుగు పుట్టలేదు. విసుగల్లా వాటి ముందు కూర్చునే మాస్టర్ల మీదే. ఆ ఏడు సెప్టెంబరులో బడి తెరిచేసరికి కాగితం రిజిస్టర్లు అటకెక్కాయి, ఇకమీదట మార్కులన్నీ ఆన్‌లైన్ రిజిస్టర్లోనే వేయాలని ఉత్తర్వు వచ్చింది. మొరావా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి బడి మొత్తానికి కంప్యూటర్లు చెప్పే టీచరు ఆవిడొక్కతే. ఇంకేం, అందరికీ నేర్పే పని ఆవిడ మెడకే చుట్టుకుంది.

నేర్పడమంటే మాటలా? వ్యాయామం మాస్టారు ఆరో తరగతి మార్కులన్నీ పొరపాటున ఎనిమిదో తరగతికి వేసేశాడు. కాలు విరిగి పిండికట్టుతో ఇంట్లో పడుకున్న పిల్లాడికి హైజంప్‌లో అయిదు పడింది. అయిదుకి పైన మార్కు లేదు మరి, ఒకటికి కింద లేదు, ఒకటంటే తప్పినట్టే. భాష చెప్పే ఆవిడ పాస్‌వర్డుని పసుప్పచ్చ చీటీ మీద రాసి స్క్రీనుకే అంటించింది, పోతే వెతుక్కోవాలి కదా అని. సంగీతం మాస్టారైతే తరగతిలో కొత్తగా బిగించిన టచ్ బోర్డుకి తడిసిన గొడుగు తగిలించాడు. బోర్డు దానంతటదే గీతలు గీసుకుంటూ పోతుంటే దయ్యం పట్టిందని బిసెర్కాని పిలిపించాడు. ఆవిడ గొడుగు తీసి ఆయన చేతిలో పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. అంత ఓర్పు నాకైతే లేదు, ఆ గొడుగుతోనే ఒకటి తగిలించేదాన్ని.

అక్టోబరు వచ్చేసరికి అందరూ పడుతూ లేస్తూ దారిలో పడ్డారు. మిగిలింది ఒక్క తిహోమిర్ మాస్టారు.

లెక్కలు చెప్పే తిహోమిర్ మాస్టారంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సగం ఊరు ఆయన శిష్యులే, బిసెర్కా కూడా. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు, చెవి వెనక పెన్సిలు, జేబులో తెల్ల రబ్బరు. ఆయనకో పద్ధతి ఉండేది. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లకో పిల్లాడికో లెక్క రాకపోతే ఒకటి వేసేవాడు, కానీ పెన్సిల్‌తో. వేసి, "పెన్సిల్‌తో వేశాను, శుక్రవారం దాకా" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క తిట్టేవాడు కాదు. శుక్రవారం వచ్చి లెక్క చేసిన పిల్లకి ఒకటి చెరిగిపోయేది. చెయ్యలేని పిల్లకి దాని మీదే పెన్నుతో దిద్దేవాడు. ఆ ఊళ్ళో పెళ్ళిచూపుల్లో కూడా "నీకు తిహోమిర్ గారి ఒకటి పెన్సిలా, పెన్నా?" అని వేళాకోళం చేసుకునేవాళ్ళు.

బిసెర్కా భయపడింది, ఈయన కంప్యూటరు ముట్టుకోడేమోనని. హెడ్‌మిస్ట్రెస్ రాదోయ్కా గారు ముందే తేల్చి చెప్పేశారు: మార్కు ఏ రోజుది ఆ రోజు ఆన్‌లైన్లో పడని వాళ్ళు క్లాసుకి వెళ్ళక్కర్లేదు.

"రా అమ్మాయ్, కూర్చో," అన్నాడు మాస్టారు, ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళేసరికి. "నువ్వు నాకు చెప్పు. కానీ ఎక్కడ నొక్కాలో చెప్పద్దు. ఎందుకు నొక్కాలో చెప్పు."

అందరూ ఎక్కడ నొక్కాలో అడిగినవాళ్ళే, ఎందుకని అడిగింది ఈయనొక్కడే. చెప్తూ చెప్తూ ఆవిడకే కొన్ని కొత్తగా అర్థమయ్యాయి. వారం తిరక్కుండా ఆయన రిజిస్టర్ని అరచేతిలో పెట్టుకున్నాడు. టచ్ బోర్డు మీద త్రిభుజం గీసి, దాని కొనను వేలితో లాగుతూ, "చూశావా, ఇన్నాళ్ళూ ప్రతి త్రిభుజానికీ సుద్దముక్క అరగదీశాను. ఇది ఒక్కటే త్రిభుజం, అన్ని త్రిభుజాలూ ఇందులోనే ఉన్నాయి," అని మురిసిపోయాడు. అరవై దాటిన మనిషి అలా మురిసిపోతుంటే బిసెర్కా తనూ వెళ్ళి ఇంకో కొన లాగింది. ఈయన దగ్గర చదువుకున్నాను నేను, అనుకుంది గర్వంగా.

అన్నీ చెప్పింది. ఒక్కటి మరిచిపోయింది. మార్కు పడగానే తల్లిదండ్రుల ఫోనుకి మెసేజ్ వెళుతుందని చెప్పలేదు. మిగతావాళ్ళకి చెప్పే పనే పడలేదు, వాళ్ళకి ముందే తెలుసు, వాళ్ళ పిల్లల మార్కులు వాళ్ళ ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి. తిహోమిర్ గారికి పిల్లల్లేరు. కావాలనుకున్న తల్లో తండ్రో తీరిగ్గా వచ్చి చూసుకునే పుస్తకం లాంటిదే ఇదీ అనుకున్నాడాయన.

బుధవారం ఏడో తరగతి. మొదటిసారి క్లాసులోనే మార్కులు వేస్తున్నాడు కదా, ఏదైనా మొరాయిస్తే చూద్దామని బిసెర్కా వెనక బల్ల మీద కూర్చుంది. మాస్టారు దున్యాని లేపాడు. పదమూడేళ్ళ పిల్ల, జానపద నృత్యాల బృందంలో ముందు వరసలో ఆడుతుంది, రోజూ సాయంత్రం ప్రాక్టీసే. శనివారం బృందమంతా నొవిసాద్‌లో పోటీకి వెళుతోంది.

నాలుగు భుజాలూ సమానంగా ఉండే రాంబస్‌కి కర్ణాలు ఇచ్చి భుజం కనుక్కోమన్నాడు. దున్యా రెండు కర్ణాలూ కూడింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక, ఆ వచ్చినదాన్ని రెండుతో భాగించింది. అది కూడా తప్పని తెలిసి, మాస్టారి మొహంలోకి చూస్తూ నీళ్ళు నమిలింది.

"ఎందుకు కూడావు?"

"తెలీదు మాస్టారూ. చదవలేదు."

"అబద్ధమాడలేదు, మంచిదే." ఆయన ల్యాప్‌టాప్ వైపు తిరిగి ఒకటి నొక్కాడు. నొక్కగానే ఇన్నేళ్ళ అలవాటు నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. "పెన్సిల్‌తో వేశాను, శుక్రవారం దాకా."

క్లాసంతా గొల్లుమంది. కంప్యూటర్లో పెన్సిలేమిటని ఎవరో అన్నారు. మాస్టారూ నవ్వాడు. దున్యా ఇంకా తన బల్ల దగ్గరికి చేరనే లేదు, బల్ల కింద సంచిలో ఫోను గర్రుమంది. ఆగి, మళ్ళీ గర్రుమంది. పిల్ల తీసి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "ఊఁ నాన్నా," అంది. ఇంకోసారి "ఊఁ" అంది. ఫోను సంచిలో పెట్టేసి, తల బల్ల మీద వాల్చేసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఒకటి వస్తే నొవిసాద్ లేదన్నాడు నాన్న, ముందే. నాకు ఒకటొచ్చిందని ఆయనకి తెలిసిపోయింది."

మాస్టారు బిసెర్కా వైపు చూశాడు. ఆవిడకి అప్పుడు తట్టింది, తను చెప్పనిదేమిటో.

బెల్లు కొట్టాక స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి ఆవిడే ముందు మాట్లాడింది. "తప్పు నాది మాస్టారూ. మెసేజ్ వెళుతుందని చెప్పాల్సింది."

"చెరిపెయ్యి."

"చెరపచ్చు. ఆ తాళం నా దగ్గరే ఉంది. కానీ చెరిపితే కారణం రాయాలి. పొరపాటున పడింది అని రాస్తే చాలు."

బిసెర్కా వేలు అప్పటికే మీట మీద ఉంది.

"పొరపాటున పడలేదు కదా," అన్నాడాయన. "పిల్లకి లెక్క రాలేదు. రాని లెక్కకి ఒకటే వస్తుంది. అబద్ధం రాయకు, నీ పేరు కూడా అందులో పడుతుంది." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఒకట్లు వెయ్యని ఏడాది లేదమ్మాయ్ నాకు. కానీ నా ఒకటి పిల్లకంటే ముందు ఇంటికి పరిగెత్తడం ఇదే మొదలు. పిల్ల వెళ్ళి చెప్పుకోవాలి, లేదా దిద్దుకుని వెళ్ళి చెప్పుకోవాలి. ఆ దారి పిల్లది. దాన్ని నేను తీసేసుకున్నాను ఇవాళ."

లెక్కల బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన మెడలో తాడుకి వేలాడుతుంటుంది. దాన్ని తీసి ఆవిడ ముందు పెట్టాడు. సోమవారం నుంచి రానన్నాడు. పెన్షనుకి ఇంకా ఏడాదిన్నర ఉంది, ఆయనకి అదేం పట్టినట్టు లేదు. "యంత్రం మీద కోపం లేదు, అది చాలా చక్కటి యంత్రం. పెన్సిలు లేని చోట నేను మార్కులు వెయ్యలేను, అంతే," అని కోటు సర్దుకుని వెళ్ళిపోయాడు.

బిసెర్కా తాళంచెవిని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆయన వెళ్ళిపోతే ఆ బడికి ఇంకో లెక్కల మాస్టారు దొరకడు. పక్క బడిలో భూగోళం చెప్పే ఆయన లెక్కలు చెబుతున్నాడు, ఆ పిల్లలకి రెండూ రావు. అదంతా సరే. కానీ ఆవిడని తినేస్తున్నది వేరే సంగతి. ఆయన తన చేతి మీదుగా పోతున్నాడు, తను నేర్పినదానివల్ల పోతున్నాడు.

మధ్యాహ్నమంతా కాఫీ మీద కాఫీ పెట్టుకుని ఆ రిజిస్టరు సెట్టింగ్స్‌లో పడి దేవులాడింది. ఎవరూ తెరవని మూలలు తెరిచింది. చివరికి ఒకచోట దొరికింది. మెసేజ్ వెంటనే వెళ్ళాలా, ఆగి వెళ్ళాలా అన్నది బడి ఇష్టం. మూడు రోజుల దాకా ఆపచ్చు. మొదట్లో ఎవరో 'వెంటనే' అని పెట్టేసి వదిలేశారు. ఆవిడ కుర్చీలోంచి లేచి సరాసరి హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి నడిచింది.

రాదోయ్కా గారు పెద్ద గొంతు మనిషి, కానీ తల్లిదండ్రుల సంఘమంటే ఆవిడకి లోపల దడ. "వెంటనే కావాలని పట్టుబట్టింది ఎవరనుకున్నావ్? ఆ సంఘం అధ్యక్షుడే. బస్సు డ్రైవరు జార్కో. దున్యా వాళ్ళ నాన్నే. ఇప్పుడు ఆపేస్తే నన్ను బతకనిస్తాడా?"

"పెన్సిలు కోసం మేడం. మీకూ తెలుసుగా, మీరూ ఆయన శిష్యులేగా."

"తెలుసు." హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు రెండుసార్లు పెన్సిలు. మూడోసారి పెన్ను. సినిమాకి పోయాను ఆ గురువారం, ఆయన తప్పేం లేదు." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని గొంతు సవరించుకుంది. "జార్కో ఊఁ అంటే సంతకం పెడతాను. వాడి చేత ఊఁ అనిపించుకురా."

జార్కో బిసెర్కా క్లాసువాడే. ఆవిడ జడ వెనక బల్లకి కట్టేసినవాడు. అయినా ఒక్కతే వెళ్ళి నెగ్గలేనని తెలుసు. గురువారం మధ్యాహ్నం తిహోమిర్ గారి ఇంటి తలుపు కొట్టి, "బస్సెక్కాలి మాస్టారూ, కోటు వేసుకోండి," అంది.

"దేనికి?"

"ఎందుకో చెప్తాను, ఎక్కడ దిగాలో చెప్పను."

ఆయన మొహంలో బుధవారం నుంచి లేని నవ్వు కాస్త కదిలింది.

జార్కో బస్సులో ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అద్దం పైన 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉంది. కాబట్టి ఆయన మాట్లాడలేదు. పక్కూరు దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. జార్కో అద్దంలో ఆయన్ని చూస్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్ళీ అద్దం. చలికాలం ముంచుకొస్తున్న రోజుల్లో ఆ మనిషి మెడ మీద చెమట పట్టడం బిసెర్కా స్పష్టంగా చూసింది. చివరి స్టాపులో అందరూ దిగాక ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, తిట్టాలంటే తిట్టండి. ఇలా మూగనోము పట్టి వెనకాల కూర్చుంటే నాకు బ్రేకేదో గేరేదో తెలియట్లేదు."

"మాట్లాడకూడదని బోర్డు పెట్టారు కదా నాయనా. పద, ఏదైనా తిందాం."

స్టాండు పక్కన బేకరీలో జున్ను కూరిన పొరల రొట్టెలు, వేడి వేడి బూరెకులు, గ్లాసుల్లో పెరుగు తెచ్చుకుని నిలబడి తినే బల్ల దగ్గర చేరారు. బిసెర్కా ఉన్న విషయం చెప్పేసింది. మూడు రోజులు మెసేజ్ ఆగుతుంది, ఆలోగా పిల్ల తనే ఇంట్లో చెప్పుకోవచ్చు, అంతే. మార్కు మారదు, దాచేది లేదు.

జార్కో తల అడ్డంగా ఊపాడు. "కుదరదే. నేను రోజంతా రోడ్డు మీద. దాని తల్లి ఆస్పత్రిలో డ్యూటీ. పిల్ల ఏం చేస్తోందో ఫోను కాక ఎవరు చెబుతారు నాకు?"

"పిల్ల చెప్పదూ?"

"పిల్లలు చెబుతారటే? నువ్వు చెప్పావా మీ అమ్మకి?"

"శుక్రవారం తర్వాత చెప్పేదాన్ని."

"అదిగో." జార్కో వేలు బల్ల మీద ఆనించాడు. మాస్టారి వైపు తిరిగి, కాస్త బెరుగ్గానే అయినా అనేశాడు. "ఏమనుకోకండి మాస్టారూ. మీరు చెరిపేసేవాళ్ళు, మేం హాయిగా తిరిగేవాళ్ళం. చూడండి, బస్సు తోలుతున్నాను. అప్పుడే మా నాన్నకి ఫోను మోగి ఉంటే ఇంజినీరయ్యేవాణ్ణేమో."

"మీ నాన్నకి ఫోను మోగి ఉంటే నీ వీపు మోగేది," అంది బిసెర్కా.

మాస్టారు జేబులోంచి తెల్ల రబ్బరు తీసి, పెరుగు గ్లాసు పక్కన పెట్టాడు. అరిగి అరిగి ఒక పక్కకి వాలిపోయిన రబ్బరు.

"చెరిపింది ఎవరు, జార్కో?"

జార్కో దానివంక చూస్తూ ఉండిపోయాడు. చేతిలో బూరెకు చల్లారిపోతోంది. ఆ రబ్బరుని రెండు వేళ్ళతో పట్టుకుని, కింద పెట్టేసి, చేతికి అంటుకున్నదేదో తుడుచుకుంటున్నట్టు వేళ్ళు రుద్దుకున్నాడు.

"నేనే," అన్నాడు. "చేతికిచ్చి చెరుపుకోమనేవాళ్ళు. ఒకసారి మరీ గట్టిగా రుద్ది కాగితానికి చిల్లు పెట్టాను."

"పెట్టావు. వెనక పేజీలో బిసెర్కా పేరు మధ్యలో పడింది ఆ చిల్లు. ఏడాదంతా ఆ పిల్ల పేరు సగమే కనపడేది."

"ఆ పని నీదా?" అంది బిసెర్కా.

జార్కో నవ్వలేదు. "ఆ రోజు ఇంటికెళ్ళి మా నాన్నకి చెప్పాను. ఒకటొచ్చింది, చెరిపేశాను అని. ఆయన సంగతి మీకు తెలుసు, బెల్టు మేకుకే తగిలించి ఉండేది. దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి రెండు గ్లాసులు తెచ్చి, ఒకదాంట్లో తనకి సారా పోసుకుని, రెండోదాంట్లో నాకు ద్రాక్షరసం పోశాడు. సాటి మగాడితో అన్నట్టు నాతో గ్లాసు తాకించాడు. మా నాన్న మళ్ళీ నాతో గ్లాసు తాకించింది నా పెళ్ళిలోనే."

బయట ఎవరో బస్సు ఎప్పుడు బయలుదేరుతుందని అడుగుతున్నారు.

"మూడు రోజులు. అంతకుమించి ఒక్క పూట ఒప్పుకోను," అన్నాడు జార్కో. టోపీ పెట్టుకుంటూ మళ్ళీ కటువుగా అయిపోయాడు. "కానీ నొవిసాద్ సంగతి ఎత్తకండి. నేనో మాట అన్నాను పిల్లతో."

"నేనెత్తలేదే," అన్నాడు మాస్టారు. "తండ్రి మాట తండ్రిది. నేను శుక్రవారం దాకా అన్నాను, అది నాది."

శుక్రవారం పొద్దున రాదోయ్కా గారు సంతకం పెట్టారు, బిసెర్కా ఆ మీట మార్చింది. మాస్టారు క్లాసుకి వచ్చాడు, తాళంచెవి మాత్రం అడగలేదు. బిసెర్కా మళ్ళీ వెనక బల్ల మీద కూర్చుంది.

దున్యా పిలవకుండానే లేచింది. కళ్ళ కింద నల్లటి చారలు, జడ అల్లుకోనైనా లేదు. రాంబస్ గీసింది. కర్ణాలు గీసింది. టచ్ బోర్డు మీద వేలితో లాగి ఒక మూల త్రిభుజాన్ని పక్కకి తెచ్చి పెట్టింది.

"కర్ణాలు కూడకూడదు," అంది. "అవి మధ్యలో ఒకదాన్నొకటి సగం సగం చేసుకుంటాయి, ఒకదానికొకటి నిటారుగా కోసుకుంటాయి. కాబట్టి ఇక్కడ లంబకోణం. సగం, సగం, వాటి వర్గాలు కూడాలి. భుజం వర్గం అదే."

"ఎందుకు లంబకోణం?"

దున్యా ఒక్క క్షణం ఆగి, బొమ్మని మధ్యకి మడిచినట్టు చేత్తో చూపించి, రెండు పక్కలా ఒకేలా ఎందుకు ఉండాలో మెల్లగా చెప్పుకొచ్చింది. తడబడింది, వెనక్కెళ్ళింది, మళ్ళీ పట్టుకుంది. కాపీ కొట్టిన మాటలు కావవి, రాత్రంతా కూర్చుని తనే దొరకబుచ్చుకున్న మాటలు. మాస్టారు తల వంచుకుని వింటున్నాడు. ఆ వంగిన తల చూడగానే తెలిసిపోయింది బిసెర్కాకి, పిల్ల నెగ్గిందని.

"నాలుగు," అన్నాడు. "అయిదు ఇచ్చేవాణ్ణి, చివర సెంటీమీటర్లు రాయడం మరిచావు." ల్యాప్‌టాప్‌లో నొక్కాడు.

అందరి కళ్ళూ దున్యా సంచి మీదికి వెళ్ళాయి. ఫోను మోగుతుందని చూస్తున్నారు. మోగలేదు. దున్యా కూడా చూస్తోంది. అప్పుడు అర్థమైంది బిసెర్కాకి, తను ఎంత పప్పులో కాలేసిందో. ఒకటి మూడు రోజులు ఆగితే నాలుగూ మూడు రోజులు ఆగుతుంది. జార్కో ఫోనుకి అది సోమవారం గాని చేరదు. నొవిసాద్ బస్సు శనివారం పొద్దున్నే వెళ్ళిపోతుంది.

బెల్లు కొట్టగానే మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది. "ఒక్క క్షణం మాస్టారూ, మీట మళ్ళీ వెనక్కి తిప్పేస్తాను. నాలుగు వెళ్ళిపోతుంది, మళ్ళీ మార్చేస్తాను. ఎవరికీ తెలియదు."

"వద్దు."

"శనివారం అయిపోతుంది మాస్టారూ."

"ఒకటికి ఆగమన్న ఫోను నాలుగుకీ ఆగాలి. లేకపోతే అది పెన్సిలు కాదు, దొంగాట." దున్యా వైపు తిరిగాడు. "అమ్మా, ఫోను వెళ్ళదు. నువ్వు వెళ్ళాలి. మీ నాన్న నమ్ముతాడో లేదో నేను చెప్పలేను. కాగితం రాసివ్వను, ఫోను చెయ్యను. నీ మాటే."

పిల్ల సంచి భుజాన వేసుకుంది. "నేనే చెప్తాను," అంది. ఆ సంచితో మెట్లు దిగి, వాన మొదలైన వీధిలో బస్టాండు వైపు నడిచి వెళ్ళింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. ఈయన తప్పు చేశాడేమో అని బిసెర్కా ఆ సాయంత్రమంతా కుమిలింది, అసలు తప్పు తనదేనని కూడా తెలుసు.

శనివారం పొద్దున రొట్టె కొనడానికని బయలుదేరి, బేకరీ దాటి, సాంస్కృతిక భవనం ముందుకి వెళ్ళింది. పెద్ద బస్సు నిలబడి ఉంది. తల్లులు పిల్లల ఎంబ్రాయిడరీ జాకెట్లు మడత నలక్కుండా పైకి అందిస్తున్నారు. ఎదురుగా పేపరు కొట్టు దగ్గర తిహోమిర్ మాస్టారు నిలబడి పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు, పేపరు తలకిందులుగా లేదు గానీ ఆయన పేజీ తిప్పడం ఆవిడ చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి, ఏమీ ఎరగనట్టు తలూపుకున్నారు.

పిల్లలు ఎక్కేశారు. బృందం నడిపే ఆవిడ గడియారం చూసుకుంది. డ్రైవరు ఇంజను వేశాడు. దున్యా రాలేదు. బిసెర్కాకి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది.

అప్పుడు వీధి మలుపులో జార్కో కనపడ్డాడు, పరిగెడుతూ. భుజాన బట్టల సంచి, చేతిలో తోలు చెప్పుల జత. వెనక దున్యా, జడ గట్టిగా అల్లుకుని, నోట్లో ఇంకా ఏదో నములుతూ. పిల్ల బస్సెక్కింది. జార్కో సంచి అందించి, రొప్పుకుంటూ బిసెర్కా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఫోను తీసి చూపించాడు. అందులో బుధవారం ఒకటి తప్ప ఏమీ లేదు.

"నాలుగన్నది," అన్నాడు. "రాంబస్ గీసి చూపించింది, వంటింట్లో పిండి పరిచి దాని మీద వేలితో. నాకేం అర్థమయ్యింది, నా మొహం. గ్లాసులు తెచ్చి ద్రాక్షరసం పోశాను."

"నిజమేరా, దానికి..."

"చెప్పకు." జార్కో చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్తే నేను నీ మాట నమ్మినట్టవుతుంది. సోమవారం ఫోను చెబుతుంది, అప్పుడు చూసుకుంటాను."

బస్సు కదిలింది. దున్యా అద్దం మీద నాలుగు వేళ్ళు ఆనించింది, తండ్రి చెయ్యెత్తి ఊపాడు. బస్సు వంతెన దాటేదాకా అలా ఊపుతూనే ఉన్నాడు.

పేపరు కొట్టు దగ్గర్నించి మాస్టారు మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు. బిసెర్కా ముందు నిలబడి అరచెయ్యి చాపాడు.

"అమ్మాయ్, ఆ తాళంచెవి ఇలా ఇవ్వు. సోమవారం మొదటి పీరియడే ఉంది నాకు."